ఒక్క పాయింటు

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడికి బాస్కెట్‌బాల్ పిచ్చి. అది వాడికి అక్కడికి వెళ్ళాకే తగులుకుంది. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఏ బంతీ పట్టుకున్నవాడు కాడు. 2016 జూన్‌లో ఒకనాడు తెల్లవారి, నేనింకా కాఫీ తాగకముందే ఫోను చేసి, "మామయ్యా, గెలిచాం!" అని అరిచాడు. ఏ ప్రమోషనో వచ్చిందనుకున్నాను. తీరా చూస్తే క్లీవ్‌లాండ్ జట్టు గోల్డెన్ స్టేట్ జట్టును 93–89తో ఓడించి కప్పు గెలుచుకుందట. ఏడు ఆటల ఫైనల్లో మొదటి నాలుగింటిలో మూడు పోగొట్టుకుని, ఆ తరవాత మూడూ వరసగా గెలిచారట. ఫైనల్లో అంతకుముందు ఏ జట్టూ అలా తేరుకోలేదట. ఆ ఊరికి ఏ పెద్ద ఆటలోనైనా కప్పు వచ్చి అప్పటికి 52 ఏళ్ళయిందట.

ఇదంతా విన్నాక నేనడిగిన మొదటి ప్రశ్న: "ఒకే జట్టుతో ఏడుసార్లు ఆడతారా?"

"ప్లేఆఫ్ అంటే అంతే మామయ్యా. ముందుగా నాలుగు గెలిచినవాళ్ళు పైకి వెళతారు."

నాకు నిజంగా అసూయ కలిగింది. ఈ రోజు ఓడినా ఎల్లుండి మళ్ళీ అదే జట్టుతో ఆడవచ్చు. మంగళవారం చేసిన తప్పు గురువారం దిద్దుకోవచ్చు. మా కబడ్డీలో ఆ సౌకర్యం లేదు. రెండు నెలలపాటు ఊరూరా తిరిగి ఆడి, గెలిచి, ఓడి, లెక్కలు వేసుకుని నాకౌటుకు చేరాక, అక్కడ ఉండేది నలభై నిమిషాలు. ఇరవై, విరామం, మళ్ళీ ఇరవై. అంతే. ఆ నలభై నిమిషాల్లో ఒక్క పాయింటు తక్కువైతే సామాను సర్దుకోవడమే. ఆ ఒక్క పాయింటు నేను చూశాను కాబట్టే మేనల్లుడి ఏడు ఆటల మీద అంత అసూయ.

నేను తెలుగు టైటాన్స్ అభిమానిని. ఈ మాట విని మీలో కొందరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, అలవాటైపోయింది.

2014లో ప్రో కబడ్డీ లీగు మొదలైనప్పుడు ఉన్న ఎనిమిది జట్లలో టైటాన్స్ ఒకటి. మొదటి ఏడాది నాకౌటుకు రాలేదు. 2015లో, రెండో సీజన్లో, లీగు దశలో రెండో స్థానంలో నిలిచి సెమీఫైనల్‌కు వచ్చింది. ఎదుటి జట్టు బెంగళూరు బుల్స్. ఆగస్టు 21, శుక్రవారం. ఆట ముంబయిలో. మేము చూసింది భద్రాచలంలో, మా ఇంటి ముందు గదిలో.

మేము అంటే నేను, మా బావ, మా మేనత్త. బావ ఊరు కూనవరం వైపు, శబరి ఒడ్డున. ఆ ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. సెమీఫైనల్ రోజున ఆ జూదం ఆడటం ఇష్టంలేక, అత్తయ్యకు కంటి పరీక్ష వంక పెట్టి పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాడు. కంటి పరీక్ష కూడా అయిందనుకోండి. పాపం, అది అబద్ధం కాదు.

బావ ఒకప్పుడు మంచి ఆటగాడు. వాళ్ళ ఊళ్ళో ఎండాకాలం శబరి తగ్గి ఇసుక మేటలు బయటపడితే అక్కడే చెడుగుడు. కోయ కుర్రవాళ్ళూ, రైతుల పిల్లలూ, సెలవులకు వచ్చిన నేనూ. పలుగు కర్రతో గీసిందే గీత. అవుటైనవాణ్ణి "చచ్చాడు" అనేవాళ్ళం, తిరిగి లోపలికి వచ్చినవాణ్ణి "బతికాడు" అనేవాళ్ళం. సాయంత్రానికి ఒక్కొక్కడూ నాలుగైదుసార్లు చచ్చి బతికేవాడు. బావ కూతకు వెళితే ఊపిరి ఎక్కడ దాచుకునేవాడో తెలిసేది కాదు. గొంతు సన్నగా, ఎడతెగకుండా, దూరంగా బెజ్జం పడిన వేణువులా వినిపిస్తూనే ఉండేది. అది వినిపిస్తున్నంతసేపూ వాడు మన మీద ఉన్నట్టు. ఆగిందంటే వాడు మనవాడు. మాకు గడియారం లేదు. కూతే గడియారం.

తెర మీద ఆటకు గడియారం ఉంది. కూతకు ముప్ఫై సెకన్లు. బాస్కెట్‌బాల్‌లోనూ అటువంటిదే ఉందని మేనల్లుడు చెప్పాడు. బంతి చేతికొచ్చిన జట్టు ఇరవైనాలుగు సెకన్లలో బుట్ట మీదికి విసరాలట. 1954లో పెట్టారట ఆ నియమం. అంతకుముందు ఒకసారి ఆధిక్యం వచ్చిన జట్టు బంతిని తమలో తామే తిప్పుకుంటూ కాలం గడిపేసేదట. మనుషులు ఎక్కడైనా మనుషులే. మన కబడ్డీలోనూ ముందున్న జట్టువాడు గీత దాటి వెళ్ళి, రెండడుగులు అటూ ఇటూ వేసి, ఎవరినీ తాకకుండా తిరిగి వచ్చేవాడు. దానికి విరుగుడుగా ఈ లీగులో ఇంకో నియమం ఉంది. వరసగా రెండు కూతలు ఖాళీగా వస్తే మూడో కూతలో పాయింటు తేవలసిందే. తేలేకపోతే వెళ్ళినవాడు అవుటు. 'డూ ఆర్ డై' అంటారు. మా బావ దానికి "గంగకు పోయిన కూత" అని పేరు పెట్టుకున్నాడు.

కానీ ఆయనకు ఒక ఫిర్యాదు ఉంది, ఇప్పటికీ ఉంది. టీవీలో కూత వినపడదు. వ్యాఖ్యాతల అరుపులూ, జనం హోరూ, వాయిద్యాలూ అన్నీ కలిసి దాన్ని మింగేస్తాయి. పెదవులు కదులుతుంటాయి, అంతే. "కూత వినపడని చెడుగుడు ఏం చెడుగుడురా, మూగోడి పెళ్ళిలా" అంటాడు. అందుకని ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. మనవాడు కూతకు వెళ్ళగానే తను ఊపిరి బిగబడతాడు. వాడు తిరిగి గీత తాకేదాకా వదలడు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, బీడీలు కాల్చే మనిషి, ముప్ఫై సెకన్లు. మొహం ఎర్రబడుతుంది. అత్తయ్య తిడుతుంది. ఈయన చెయ్యి ఊపి ఆగమంటాడు. ఆ అలవాటు నాకూ అంటుకుంది. ఆట చూసేటప్పుడు ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం.

ఆ రోజు అత్తయ్య కొత్త కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరగా జరిగి చాలాసేపు చూసింది. తరవాత అడిగింది: "వీళ్ళలో మనోళ్ళెవర్రా?"

బావ చూపించాడు. "అదుగో, రాహుల్ చౌదరి."

"ఏ ఊరు?"

"బిజ్నోర్. ఉత్తరప్రదేశ్."

"ఆ పొడుగాయన?"

"దీపక్ హుడా. హర్యానా."

మేరాజ్ షేఖ్ అనే ఆటగాడిది ఇరాన్ దేశమని చెప్పేసరికి అత్తయ్య ఇంక అడగడం మానేసింది. కాసేపటికి, "మరి తెలుగు అని పేరెందుకు పెట్టుకున్నారు?" అంది. బావ జవాబు చెప్పలేదు. కూత నడుస్తోంది. ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు తరవాత చెబుతాను. ఆట ముగిసేసరికి బెంగళూరు 39, తెలుగు టైటాన్స్ 38.

ఒక్క పాయింటు తేడాతో ఓడటం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకు చెప్పనక్కరలేదు. పది పాయింట్లతో ఓడితే మనసు ఎప్పుడో సర్దుకుంటుంది. చివరి ఐదు నిమిషాలూ వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి రావచ్చు. ఒక్క పాయింటుతో ఓడితే మనం చూసిన ప్రతి క్షణమూ నేరస్థుడిలా వచ్చి ఎదుట నిలబడుతుంది. ఆ బోనస్ గీత మీద పాదం ఒక్క వేలెడు ముందు పడి ఉంటే! ఆ పట్టులో చీలమండ జారకుండా ఉంటే! నలభై నిమిషాల్లో ముప్ఫై ఎనిమిది పాయింట్లు తెచ్చినవాళ్ళు ముప్ఫై తొమ్మిదోది ఎక్కడ వదిలేశారో వెతుక్కుంటూ ఆ రాత్రి నేను నిద్రపోలేదు. బావ వరండాలో మంచం వేసుకుని పడుకున్నాడు. బీడీ నిప్పు అర్ధరాత్రి దాటాక కూడా కనిపించింది. ఒక్క మాట అన్నాడు: "ఒక్కటి". అంతే.

ఆదివారం నాడు మూడో స్థానం కోసం పాట్నా పైరేట్స్‌తో ఆడి 34–26తో గెలిచారు. ఈ మూడో స్థానం ఆట అన్నది ఎవరు కనిపెట్టారో గానీ, దయలేని మనిషై ఉంటాడు. శవాన్ని సాగనంపి వచ్చినవాళ్ళను మర్నాడే పెళ్ళి భోజనానికి కూర్చోబెట్టడం అది. గెలిచినా మా ఇంట్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇక అత్తయ్య ప్రశ్న.

మాది చిరునామాలు నిలవని ప్రాంతం. మా తాతగారు పుట్టినప్పుడు భద్రాచలం తూర్పు గోదావరి జిల్లా. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. పోలవరం ప్రాజెక్టు ముంపు కోసమని ఆ ఏడాదే ఖమ్మం జిల్లాలోని కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలనూ, బూర్గంపాడు మండలంలో కొంత భాగాన్నీ, భద్రాచలం మండలంలో మా ఊరు తప్ప మిగతాదాన్నీ ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మా ఊరు తప్ప. అంటే గుడి తెలంగాణలో, ఆ గుడి మాన్యాలు ఉన్న పురుషోత్తపట్నం ఆంధ్రాలో. సాయంత్రం షికారుకు ఎటపాక దాకా నడిస్తే వేరే రాష్ట్రం. 2016లో మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. బావ వాళ్ళది మొదట తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఒకే తాత మనవలం. అదే బస్సు దారి, అదే గోదావరి. మధ్యలో చెక్‌పోస్టు.

ఆ వేసవిలో చుట్టాల ఇళ్ళలో ఎలాంటి మాటలు నడిచాయో ఇక్కడ రాయడం ఇష్టం లేదు. మీ ఇళ్ళలోనూ నడిచే ఉంటాయి. బావా నేనూ కూడా ఒక పెళ్ళి పందిట్లో నలుగురూ విడదీసేదాకా వాదించుకుని, మూడు వారాలు మాట్లాడుకోలేదు. నీళ్ళ గురించి, ఉద్యోగాల గురించి, ఎవరి భూమి ఎవరి కోసం మునగాలన్న దాని గురించి. మునిగేది ఆయన ఊరు. వాదన గెలవాలన్న తాపత్రయం నాది. ఎవరిది న్యాయమో ఇప్పటికీ మేము తేల్చుకోలేదు. తేలుతుందనీ అనుకోను.

సరిగ్గా ఆ జులై చివర్లో లీగు మొదలైంది. రెండు రాష్ట్రాలకూ కలిపి ఒకే జట్టు, పేరు తెలుగు. సొంత మైదానం ఆ ఏడాది విశాఖపట్నం, మరుసటి ఏడాది హైదరాబాదు. ఆ తరవాత కూడా ఆ రెండు ఊళ్ళ మధ్యే తిరుగుతూ వచ్చింది. 2018లో విశాఖ, 2019లో హైదరాబాదు, 2025లో మళ్ళీ విశాఖ. అప్పట్లో అంత తేలిగ్గా సరిహద్దు దాటి తిరిగినవి ఆ జట్టూ, గోదావరీ, మా మేకలూ మాత్రమే. మూడు వారాల మౌనం తరవాత బావ నుంచి వచ్చిన మొదటి ఫోను ఆ జట్టు గురించే. "కబడ్డీ చూశావా? మనోళ్ళు ఆడుతున్నారు" అన్నాడు. 'మనోళ్ళు' అన్నాడు. నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. ఆటగాళ్ళు ఏ ఊరివాళ్ళైతే నాకేం? మేనల్లుడి క్లీవ్‌లాండ్ జట్టులో మాత్రం ఎంతమంది వాడి వీధివాళ్ళు?

2016 నాలుగో సీజన్లో టైటాన్స్ మళ్ళీ సెమీఫైనల్‌కు వచ్చింది. ఈసారి సెమీఫైనళ్ళూ ఫైనలూ హైదరాబాదులోనే, గచ్చిబౌలిలో. జులై 29, మళ్ళీ శుక్రవారమే. రాత్రి బస్సులో బయలుదేరాం. పాల్వంచ, కొత్తగూడెం, ఖమ్మం, సూర్యాపేట. దారి పొడుగునా వాన. బావకు అది హైదరాబాదు మూడో ప్రయాణం. మొదటి రెండూ పునరావాసం కాగితాల కోసం, రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లో.

మైదానంలో కూర్చుని చూడటం వేరు. తెర మీద పెద్దగా కనిపించే ఆ నేల నిజానికి ఎంత చిన్నదో! పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. మా ఇసుకలో గీసుకున్నది ఇంతకంటే పెద్దదే. ఇసుక లేదు, చాప పరిచారు. దీపాల వెలుగులో ఆటగాళ్ళ చెమట మెరుస్తోంది. చుట్టూ వేలమంది ఒకే పేరు అరుస్తున్నారు. కూత ఇక్కడ మరీ వినపడదు. బావ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ప్రయత్నించి మానుకున్నాడు. మా ముందు వరసలో విజయవాడ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు, పక్కన కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన. రాహుల్ చౌదరి గీత దాటినప్పుడల్లా అందరూ ఒకేసారి లేచేవారు. తిరిగి వస్తే కూర్చునేవారు. తిరిగి రాకపోతే నిలబడే ఉండేవారు.

జైపూర్ 34, తెలుగు టైటాన్స్ 24.

పది పాయింట్లతో ఓడితే మనసు సర్దుకుంటుందని పైన రాశాను గదా. ఇంట్లో కూర్చుని చూస్తే నిజమే. మైదానంలో మాత్రం మంచినీళ్ళకు లేచి వెళ్ళడానికి వంటిల్లు లేదు. ఆ సీజన్లో కూతల్లో అందరికంటే ఎక్కువగా 146 పాయింట్లు తెచ్చిన మనిషి, ఆఖరి నిమిషాల్లో నడుము మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. మాకు ఎంత దగ్గరగా అంటే, పిలిస్తే వినపడేంత. కరీంనగర్ పెద్దాయన నిజంగానే పిలిచాడు. "పోనీలే బిడ్డా" అన్నాడు. వినపడిందో లేదో.

ఆదివారం దాకా ఉండలేదు. మూడో స్థానం ఆటలో పుణె చేతిలో 35–40తో ఓడారని ఇంటికొచ్చాక తెలిసింది. ఆ పుణె జట్టులో ఉన్నది మన పాత దీపక్ హుడాయే. అత్తయ్యకు ఆ సంగతి చెబితే, "చూశావా, మనోడు కాదని అప్పుడే అన్నాను" అని సంబరపడింది.

ఆ తరవాతి ఏళ్ళ గురించి త్వరగా చెప్పేస్తాను, ఎక్కువసేపు తలుచుకోవడం కష్టం. జట్లు పన్నెండయ్యాయి. ఆరు సీజన్లు మనకే ఆడిన రాహుల్ చౌదరి 2019లో తమిళ తలైవాస్‌కు వెళ్ళిపోయాడు. తరవాత మూడు సీజన్లు వరసగా ఆఖరి స్థానం. ఎనిమిదో సీజన్లో, జనం లేకుండా బెంగళూరులో ఆడించినప్పుడు, 22 ఆటల్లో ఒక్క గెలుపు. తొమ్మిదో సీజన్లో రెండు. పదో సీజన్లో, పవన్ సెహ్రావత్‌ను రెండున్నర కోట్లకు పైగా పెట్టి కొన్నాక కూడా, రెండే. మొత్తం 66 ఆటల్లో ఐదు. నాకు తెలిసిన అభిమానుల్లో చాలామంది ఈ కాలంలోనే విరమించుకున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను.

బావ విరమించుకోలేదు. అది నాకు అర్థమయ్యేది కాదు. ముఖ్యంగా 2022లో.

మా ఊళ్ళో ప్లేఆఫ్ అంటే ఏమిటో కబడ్డీ రాకముందే తెలుసు. ఆగస్టు వస్తే అందరం అంకెల కోసం రాత్రంతా మేలుకునేవాళ్ళమే. వంతెన దగ్గర గోదావరి నీటిమట్టం అడుగుల్లో చెబుతారు. 43 అయితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. గంటగంటకూ ఎంత పెరిగిందో ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటాం, స్కోరు అడిగినట్టు. 1986 ఆగస్టులో 75.6. మా పెద్దవాళ్ళు ఆ అంకెను కప్పు గెలిచిన సంవత్సరంలా గుర్తుపెట్టుకున్నారు. 2022 జులై 16న 71.3 అడుగులు. ఆ పై అంకె తప్పితే మళ్ళీ అంత నీరు మేమెరగం.

కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండితే శబరి నీళ్ళు వెనక్కి తన్నుతాయి. బావ వాళ్ళు పశువులను తోలుకుని గుట్ట మీదికి చేరారు. మూడు రోజులు ఫోను కలవలేదు. ఇటు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కలిసిన నాడు బావ చెప్పింది: ఇల్లు చూరు దాకా మునిగింది, అందరూ క్షేమం, అత్తయ్య కళ్ళజోడు పోయింది.

అక్టోబరులో సీజను మొదలైంది. నీళ్ళు తీశాక బురద ఎత్తిపోసుకుని, సగం గోడలతో నిలబడ్డ ఆ ఇంటి ముందు, టార్పాలిన్ కింద కూర్చుని, మా బావ ఫోనులో టైటాన్స్ ఓడటం చూశాడు. ఒకసారి కాదు, దాదాపు ప్రతిసారీ. ఇరవై ఓటములు. ఉండబట్టలేక అడిగాను, "ఎందుకు బావా, ఈ బాధలో ఆ బాధ కూడానా?" అని.

"ఇది బాధ కాదు బామ్మర్దీ" అన్నాడు. "నీళ్ళు ఎక్కడాగుతాయో ఎవడూ చెప్పడు. ఊరు ఎప్పుడు ఖాళీ చెయ్యాలో ఎవడూ చెప్పడు. ఇది నలభై నిమిషాలకు తేలిపోతుంది."

నేనింక అడగలేదు.

2024లో, పదకొండో సీజన్లో, 12 ఆటలు గెలిచి కూడా కొద్దిలో ప్లేఆఫ్ తప్పింది. 2025లో విజయ్ మాలిక్ నాయకత్వంలో తప్పలేదు. తొమ్మిదేళ్ళ తరవాత! అప్పటికి ప్లేఆఫ్ పద్ధతి కూడా మారిపోయింది. క్వాలిఫయర్లు, ఎలిమినేటర్లు, మినీ క్వాలిఫయరు. మా మేనల్లుడికి వివరించబోతే, "మామయ్యా, మా ఏడు ఆటలే నయం" అన్నాడు. ఆటలన్నీ ఢిల్లీలో. అక్టోబరు 26న బెంగళూరు బుల్స్‌తో మినీ క్వాలిఫయరు. పదేళ్ళు గడిచినా ఆ పేరు వినగానే నా కడుపులో ఏదో తిరిగింది. 37–32తో గెలిచాం. ఆట కాగానే బావ ఫోను: "ఒక్కటి కాదు, ఐదు!"

ఇద్దరం చెరో ఊళ్ళో చెరో ఫోనులో ఆట చూస్తూ, ఇంకో ఫోనులో మాట్లాడుకుంటూ చూశాం. దానిలో ఒక చిక్కు ఉంది. బావ ఫోనులో ఆట నాకంటే ఏడెనిమిది సెకన్లు ముందు నడుస్తుంది. అడవి అంచున ఉన్న ఆ ఊరికి ముందెందుకు చేరుతుందో, ఈ పట్నానికి వెనకెందుకో నాకు తెలియదు. నా తెర మీద కూత ఇంకా నడుస్తుండగానే ఆయన "హమ్మయ్య" అనేస్తాడు. లేకపోతే ఏమీ అనడు, అది ఇంకా ఘోరం. చివరికి ఒప్పందం చేసుకున్నాం: ఊపిరి బిగబట్టి ఉండాలి, నేను మాట్లాడేదాకా వదలకూడదు. యాభై దాటిన మనిషికి ముప్ఫై సెకన్ల మీద ఇంకో ఎనిమిది. పాపం, ఒప్పుకున్నాడు.

28 రాత్రి పాట్నా పైరేట్స్‌తో ఎలిమినేటరు. అదే రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇక్కడ గాలి, జల్లు, కరెంటు వస్తూ పోతూ. దీపం లేని గదిలో అరచేతిలో వెలుగుతున్న ఆ చిన్న తెర. భరత్ హుడా కూతకు వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి తెచ్చాడనిపించింది. 46–39. అత్తయ్యకు ఎనభై దగ్గరపడుతోంది. ఫోనులో ఆమె గొంతు వినిపించింది: "మనోళ్ళేనా గెలిచింది?" ఏ ఊరివాళ్ళని మాత్రం అడగలేదు.

మర్నాడు, 29న, పుణెతో రెండో క్వాలిఫయరు. గెలిస్తే ఫైనల్. పదకొండేళ్ళలో ఎన్నడూ చేరని చోటు. ఆ పొద్దంతా ఖమ్మం, వరంగల్ వైపు వాన కురుస్తూనే ఉంది. సాయంత్రానికి నా ఫోనులో నలభై శాతమే చార్జింగ్ మిగిలింది. మిగతా పనులన్నీ ఆపి దాన్ని ఆట కోసం దాచాను. రెండు జట్లూ కలిసి తొంభైఅయిదు పాయింట్లు తెచ్చిన ఆట అది. ఇటు నుంచి ఒకటి, అటు నుంచి రెండు, మళ్ళీ ఇటు నుంచి. ఊపిరి బిగబట్టడం, వదలడం తప్ప నాకింకేమీ గుర్తులేదు. చివరి రెండు నిమిషాల్లో బావ వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఒప్పందం పాటిస్తున్నాడనుకున్నాను.

పుణె 50, తెలుగు టైటాన్స్ 45.

"బావా" అన్నాను.

అటు నుంచి పెద్దగా ఊపిరి వదిలిన శబ్దం వినిపించింది. ఎంతసేపటి నుంచి పట్టుకుని ఉన్నాడో!

"ఐదేరా" అన్నాడు.

"ఎల్లుండి ఫైనల్ చూస్తావా?"

"చూద్దాంలే. ఢిల్లీవాళ్ళు బాగా ఆడుతున్నారు." కాసేపాగి, "అత్తయ్య పడుకుంది. పొద్దున చెబుతా. పత్తి తడిసిపోయింది బామ్మర్దీ, ఎండ వస్తే ఆరబెట్టాలి. ఉంటా మరి" అని ఫోను పెట్టేశాడు.

31న ఢిల్లీ 31–28తో గెలిచింది. మొదటి సగం దాకా బావ ఫోనులోనే ఉన్నాడు. ఊపిరి మాత్రం బిగబట్టలేదు.